మొదటి నిమిషం శబ్దం

ఇంకా ముట్టుకోలేదు. తాళంచెవి దాని కన్నంలోనే ఉంది, అతని చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది, రెండూ మంచులా ఉన్నాయి. గోడ గడియారం ఆరూ ఇరవై అంటోంది, అది ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందు పరిగెత్తుతుంది కాబట్టి ఆరూ పదిహేను అనుకోవాలి. చెల్లెలు ఏడింటికి వస్తానంది. ఏడింటికి వస్తానంటే ఏడింటికే వస్తుంది, చిన్నప్పటి నుంచీ దానికదో జబ్బు, చెప్పిన వేళకి రావడం. అంటే ముప్పావుగంట. రిపేరు షెడ్డు షట్టరు సగం పైకి ఎత్తి ఉంది, ఆ సందులోంచి వీధి దీపం వెలుతురు వచ్చి ముందు చక్రం దగ్గర పడి ఉంది, చలి మాత్రం అడ్డూ ఆపూ లేకుండా లోపలికొచ్చి పానాల మీదా, నూనె డబ్బాల మీదా, ఈ వాన్ స్టీరింగు మీదా కూర్చుంది. ఈ వాన్ బావది. చెల్లెలి మొగుడిది. అంటే రెండు నెలల కిందటి దాకా బావది. ఇప్పుడెవరిదో కాగితాల్లో ఇంకా రాయలేదు. రెండు నెలలుగా చెల్లెలి ఇంటి ముందు దుమ్ము తాగుతూ పడున్న బండిని నిన్న సాయంత్రం తాడు కట్టి లాక్కొచ్చాడు. స్టార్ట్ చేసి తీసుకురావచ్చు కదా, బ్యాటరీ పెట్టుకుని వెళ్తే సరిపోయేది కదా అని పక్క షాపు టైర్లాయన అడిగాడు. వేడెక్కకూడదు అన్నాడితను. అంతవరకే అన్నాడు. టైర్లాయన ఇంకేమీ అడగలేదు, వీధిలో అందరికీ తెలుసు, చెవుల మేస్త్రీ ఒక బండిని రాత్రంతా చల్లార్చి పెట్టాడంటే మర్నాడు పొద్దున్న దాని గుట్టు రట్టవుతుందని.

చెవుల మేస్త్రీ. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ పాతికేళ్ళుగా అతుక్కుపోయింది, అసలు పేరు కరెంటు బిల్లు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. పేరు పెట్టారని పొంగిపోయాడు కూడా, పొంగిపోలేదని ఇప్పుడు చెప్పుకోవడం దేనికి. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, ఇక్కడ కూర్చుని, దాని రోగం చెప్పేవాడు. పొద్దున్నే మొదటిసారి లేచే ఇంజను నిద్ర లేచిన మనిషి లాంటిదని పెద్ద మేస్త్రీ అనేవాడు, తనకు పని నేర్పిన మనిషి, ముఖం కడుక్కోకముందే చూడాలిరా, తర్వాత అందరూ అందగాళ్ళే అనేవాడు. బెల్టు వదులైతే కీచుమంటుంది. నూనె పైకెక్కని ఇంజను టకటకలాడుతుంది, అది ఇనుము ఇనుమును కొట్టే ఎండు శబ్దం, దాంట్లో తడి ఉండదు. సైలెన్సర్ మీది రేకు ఊడితే గలగల. ఇక ఇంజను పక్కన పొగనంతా పోగుచేసి గొట్టంలోకి తోసే పోత ఇనుప చెయ్యి ఒకటుంటుంది, దాని అతుకు దగ్గర సందు పడితే వచ్చే శబ్దం వేరు, అది కొట్టుకునే శబ్దం కాదు, ఊపిరి శబ్దం, చుప్ చుప్ చుప్ చుప్ అని, మూతి బిగించి ఉఫ్‌మని వదిలినట్టు. చల్లగా ఉన్నప్పుడే వినిపిస్తుంది. నిమిషమో, నిమిషంన్నరో. ఇనుము వేడెక్కి సాగి ఆ సందును అదే మూసేసుకుంటుంది, ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చి చెవి పెట్టినా ఏమీ వినపడదు. అందుకే నడిపించుకొచ్చిన బండిని నమ్మకు అనేవాడు పెద్ద మేస్త్రీ. ఒక రాత్రి ఉంచుకో. పొద్దున్న ఒకే ఒక్కసారి తాళం తిప్పు. ఆ ఒక్కసారీ వినలేకపోయావా, మళ్ళీ రేపటి దాకా నోరు మూసుకో. ఈ ఒక్క మాట పాతికేళ్ళుగా తను ఎంతమందికి చెప్పాడు. టాక్సీల వాళ్ళు బతిమాలినా వినలేదు, ఒక లాయరు కారు ఉంచనని గొడవపడితే తాళాలు చేతిలో పెట్టి పంపేశాడు. రాత్రి ఉంచితేనే చూస్తాను. ఎవరికైనా అదే. పరాయివాళ్ళందరికీ అదే.

మూడు నెలల కిందట, కాదు, రెండు నెలల ఎనిమిది రోజుల కిందట, లెక్క పెట్టుకోకపోయినా అదే లెక్కపెట్టుకుంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటకి బావ వచ్చాడు. ఇక్కడే, ఇప్పుడు వాన్ నిలబడ్డ చోటే ఆపాడు. తను అన్నం తింటున్నాడు. ఆ బల్ల మీద క్యారేజీ నాలుగు గిన్నెలూ విప్పుకుని కూర్చుంటే బావ వచ్చి పొడుగు కాళ్ళు చాపుకుని డ్రమ్ము మీద కూలబడ్డాడు. ఏంటి బావా, పొద్దున్న స్టార్ట్ చేయగానే ఏదో శబ్దం వస్తోంది, కాసేపుండి పోతోంది అన్నాడు. ఎలా వస్తోంది అంటే నోటితో చేసి చూపించాడు. బావకు అదొక సరదా, కుక్కర్ ఎలా కూస్తుందో, వాళ్ళ బేకరీ మేనేజరు ఎలా తుమ్ముతాడో, చెల్లెలికి కోపమొస్తే తలుపు ఎలా వేస్తుందో, అన్నీ నోటితోనే చేసేవాడు, ఇంట్లో అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. మూతి ముందుకు పెట్టి, కళ్ళు పెద్దవి చేసి, చుప్ చుప్ చుప్ చుప్. అచ్చంగా అదే. ఒక్క పిసరు తేడా లేదు. గాలితో సహా చేశాడు. ఏ పరాయివాడో అలా చేసి చూపిస్తే క్యారేజీ మూత పెట్టి లేచేవాడు, సందు పడిందయ్యా, బండి వదిలి పో అనేవాడు. కానీ బావ మూతి చూసి నవ్వొచ్చింది. నవ్వితే మెతుకు గొంతుకడ్డం పడింది. దగ్గి, నీళ్ళు తాగి, ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని, స్టార్ట్ చెయ్యి చూద్దాం అన్నాడు. ఊరంతా తిరిగి రొట్టెలు దింపి వచ్చిన బండి, పొయ్యిలా కాలుతున్న ఇంజను. బావ స్టార్ట్ చేశాడు. తను బానెట్ కూడా ఎత్తించలేదు. నములుతూ విన్నాడు. నములుతూ! దవడల చప్పుడే చెవుల్లో ఉండగా విన్నాడు. కావాలంటే రాత్రికి ఉంచి వెళ్తాను బావా, రేపు పొద్దున్న ఆటోలో వెళ్తాను అని కూడా అన్నాడు ఆ మహానుభావుడు. అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. తనే వద్దన్నాడు. షెడ్డులో అప్పటికే రెండు కార్లు ఉన్నాయి, మనవాళ్ళ బండే కదా, ఎప్పుడైనా చూడొచ్చు, ఎక్కడికి పోతుంది. బండికేం లేదు బావా, నీ చెవికే సర్వీసింగు కావాలి అన్నాడు. బావ పడీ పడీ నవ్వాడు. వెళ్తూ వెళ్తూ వెనక తలుపు తీసి కాగితంలో చుట్టిన రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు, ఇంకా గోరువెచ్చగా ఉంది. సాయంత్రం టీలో ముంచుకుని తిన్నాడు దాన్ని. బాగుంది అనుకున్నాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. బావ విషయంలో అదీ నిజం కాలేదు. పెరటి చెట్టునే నమ్ముకున్నాడు పిచ్చివాడు. వీధి చివర వేరే మెకానిక్కు ఉన్నాడు, చెవులు లేకపోయినా బుద్ధి ఉన్నవాడు, అక్కడికి వెళ్ళుంటే, ఎవరికి తెలుసు, వాడూ వినేవాడు కాదేమో, కానీ చుట్టరికం లేదు కాబట్టి పొద్దున్నే ఒకసారి రమ్మనేవాడేమో. ఏమో, ఏమో అని ఎన్నిసార్లు అనుకున్నా బేకరీ గేటు ముందు తెల్లవారుజామున నిలబెట్టిన వాన్‌లో బావ అలాగే కూర్చుని ఉంటాడు. ఆ రోజు పొయ్యి ఆలస్యమైందట. వాచ్‌మన్ చెప్పాడు, గంటన్నర ఆలస్యం, డ్రైవర్లంతా ఎవరి బండ్లలో వాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు సార్, చలి చంపేస్తోంది సార్ అన్నాడు. చంపేస్తోంది అనే మాట మాటవరసకే అన్నాడు పాపం. బావ హీటరు వేసుకున్నాడు. ఆ హీటరు నాబు ఇప్పుడూ అలాగే ఉంది, ఎర్ర గీత చివరిదాకా తిప్పి. హీటరు గాలి బానెట్ కిందనుంచే లాక్కుంటుంది. వేడెక్కితే మూసుకునే సందు కదలకుండా చలిలో నిలబడ్డ బండికి పూర్తిగా మూసుకోదు, ఇంజను చల్లారనిస్తూ, మళ్ళీ వేసుకుంటూ గంటన్నర కూర్చుంటే అసలే మూసుకోదు. చల్లటి ఇంజను వదిలే పొగ మామూలు పొగ కాదు, దానికి రంగుండదు, పెద్దగా వాసనా ఉండదు, నిద్రపుచ్చుతుంది. ఇదంతా వాచ్‌మన్‌కి తెలియదు. తలుపు తీసి పిలిచాడు, భుజం పట్టి కదిపాడు, ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అక్కడి డాక్టరు నిద్ర కళ్ళతో చూసి, వయసడిగి, గుండె ఆగిందని రాశాడు. యాభై ఏళ్ళ మనిషికి గుండె ఆగిందంటే ఎవరు కాదంటారు, ఎవరూ కాదనలేదు. తను వెళ్ళేసరికి బావను బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. ముఖం ఎర్రగా ఉంది. బుగ్గలు రంగు పూసినట్టు ఉన్నాయి. చూడండి ఎంత కళగా ఉన్నాడో, నిద్రపోతున్నట్టే ఉన్నాడు అని ఎవరో బంధువు ఏడుస్తూ అంది. తనకు ఆ ఎరుపు తెలుసు. పెద్ద మేస్త్రీ చెప్పాడు ముప్పై ఏళ్ళ కిందట, చలికాలం షట్టరు దించుకుని ఇంజను నడిపిన ఇద్దరి సంగతి, తెల్లారి చూస్తే ఇద్దరూ పెళ్ళికొడుకుల్లా ఎర్రగా ఉన్నార్రా, పొగ పట్టినవాడు పాలిపోడు, కళకళలాడతాడు, గుర్తుపెట్టుకో అన్నాడు. గుర్తుపెట్టుకున్నాడు. గుర్తుండే నోరు మూసుకున్నాడు. ఆ గదిలో, ఆ డాక్టరు ముందు, ఒక్క మాట, అయ్యా రక్తం పరీక్ష చేయించండి అని ఒక్క మాట అని ఉంటే. తేలు కుట్టిన దొంగలా గోడకానుకుని నిలబడ్డాడు. చెల్లెలు వచ్చి మెడ పట్టుకుని వేలాడుతూ ఏడిస్తే వీపు నిమిరాడు. ఆ చేత్తోనే.

మసి కూడా చూశాడు. అది దాచుకోవడం దేనికి. నిన్న రాత్రి వేరే బ్యాటరీ బిగిద్దామని బానెట్ ఎత్తి టార్చి వేస్తే ఆ అతుకు దగ్గర, మూడో నట్టు కింద, నల్లగా, కాటుక పెట్టిన వేలితో రాసినట్టు ఒక చార. సందులోంచి తన్నుకొచ్చే పొగే అలా రాస్తుంది. మసి చాలదా అంటే చాలు. ఇంకేం కావాలి. అయినా రాత్రి మంచం మీద దొర్లుతూ, మసి పాతదేమో, శబ్దం వింటే గానీ చెప్పలేం, ఒకవేళ శబ్దం రాకపోతే, ఒకవేళ అది నిజంగా గుండే అయితే అని, దొంగ మొక్కులు మొక్కినట్టు అనుకుంటూ పడుకున్నాడు. పక్కన భార్య, ఏంటి ఆ దొర్లడం, మంచం కిర్రుమంటోంది, దానికీ నూనె పెట్టు అంది. ఆవిడకు కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎవరికి చెప్తాడు. టైర్లాయనకా?

చెప్పకపోతే ఏం పోయింది అనుకోవచ్చు, పోయినవాడు ఎలాగూ పోయాడు. అనుకునేవాడే. చెల్లెలు ఆ మాట అనకుండా ఉంటే అలాగే అనుకుని, ముసలివాడై, ఈ సంగతి తనతోనే తీసుకుపోయేవాడు. నాలుగు రోజుల కిందట ఫోన్ చేసింది. సోమవారం నుంచి వాన్ నేనే నడుపుతాను అన్నయ్యా, బేకరీ వాళ్ళు ఒప్పుకున్నారు, రూటు నాకు తెలుసు, లైసెన్సు ఉంది, ఆయన నేర్పించాడు కదా, ఒకసారి బండి చూసిపెట్టు అంది. సరే అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టెయ్యలేదు అది. ఊపిరి వినపడుతోంది. ఏంటి చిట్టీ అన్నాడు. నేనే చంపాను అన్నయ్యా అంది. ఏం మాటలవి అంటే, ఆ రోజు పొద్దున్న ఆయన తలనొప్పి, వెళ్ళనన్నాడు, రోజూ వాన్ ఎక్కితే తలనొప్పి వస్తోందన్నాడు, నేను కసిరాను, వాన్ ఎక్కితే వస్తుందా, పని అంటే వస్తుందా, వంకలు చెప్పకు అన్నాను, ఆయన ఇంక మాట్లాడలేదు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు, ఆ మాటే గుండెకు తగిలింది అన్నయ్యా, ఆయన గుండె అంత మెత్తనిదని నాకు తెలియదా, ఎవరితోనూ చెప్పలేదు, నీతోనే చెప్తున్నాను, నాకు నిద్ర పట్టడం లేదు అంది. అప్పుడైనా చెప్పాలి. ఫోన్ చెవికి ఆనించుకుని ఇక్కడే, ఈ వైపు గోడనే చూస్తూ నిలబడ్డాడు. అలా ఏం కాదమ్మా, రాసిపెట్టి ఉంది అన్నాడు. రాసిపెట్టి ఉందట! ఎవరు రాశారు? అన్నం తింటూ ఎంగిలి చేత్తో రాసినవాడు ఎవడు? తన నెత్తిన ఉండాల్సిన మూట ఎత్తి దాని నెత్తిన పెట్టి, బరువుగా ఉందా తల్లీ అని ఓదారుస్తున్నాడు.

ఆరూ ముప్పై. తాళంచెవి దగ్గర చెయ్యి అలాగే ఉంది. తిప్పితే అయిపోతుంది. ఇప్పుడు తిప్పితే, ఇప్పుడే, శబ్దం వస్తుంది, నిమిషంన్నర వస్తుంది, తనొక్కడే వింటాడు, ఇనుము వేడెక్కుతుంది, సందు మూసుకుంటుంది. చెల్లెలు ఏడింటికి వచ్చేసరికి ఇంజను పాలు తాగిన పిల్లలా ఉంటుంది. బాగుందమ్మా, చిన్న పనుంది, సాయంత్రం తీసుకెళ్ళు అంటాడు. రెండు గంటల పని. ఎనిమిది నట్లు విప్పడం, అతుకు మధ్య కొత్త గాస్కెట్ పొర వేయడం, ఆ మసి చార గుడ్డతో తుడిచేయడం. తుడిచేస్తే లోకంలో ఇంక ఏమీ ఉండదు. డాక్టరు కాగితం ఉంటుంది, దాంట్లో గుండె అని ఉంటుంది. చెల్లెలికి అన్నయ్య ఉంటాడు. అదేం తక్కువా? దానికి ఇంకెవరున్నారు, మొగుడు పోయాడు, అన్న కూడా పోతే, ఆలోచించు, దాని మంచి కోసమే కదా, దాని మంచి కోసమే అనుకున్నప్పుడల్లా వేళ్ళు తాళంచెవికి ఇంకాస్త దగ్గరవుతున్నాయి, మనిషి తన మంచికి ఎంత అందమైన పేరైనా పెట్టుకోగలడు. వేళ్ళు తాళాన్ని పట్టుకున్నాయి. ఒక మెట్టు తిప్పాడు. ముందు అద్దం కింద దీపాలన్నీ ఎర్రగా వెలిగాయి, హీటరు గాలి ఉస్సుమని మొహాన కొట్టింది, చల్లటి గాలి, దాంట్లో రొట్టెల వాసన. రెండు నెలలైనా పోలేదు. సీటు బాగా వెనక్కి ఉంది, బావ పొడుగు కాళ్ళకి సరిపడా, తన కాళ్ళు అందీ అందకుండా ఉన్నాయి. బావ ఇక్కడే కూర్చుని తల వెనక్కి వాల్చి ఉంటాడు. తలనొప్పి కదా. కళ్ళు మూసుకుని ఉంటాడు. పెళ్ళాం కసిరిందని బాధపడుతూ కూర్చున్నాడో, సాయంత్రం వెళ్ళి దాన్నెలా నవ్వించాలా అని మూతి తిప్పుతూ కూర్చున్నాడో. బండి సంగతి మాత్రం ఆలోచించి ఉండడు. బండికి ఏమీ లేదని తెలుసు కదా.

ఇంకొక్క మెట్టు. మణికట్టు ఒక్కసారి కదిలితే చాలు. కదల్లేదు. ఎందుకు కదల్లేదో తర్వాత ఎవరైనా అడిగితే ఏదో మంచి కారణం చెప్పేవాడేమో గానీ, నిజానికి అప్పుడు తట్టింది ఒకటే, చెల్లెలు ఈ సీట్లో కూర్చుని రోజూ పొద్దున్న అదే బేకరీ గేటు ముందు అదే గంటలో, వంకలు అన్నాను, వంకలు అన్నాను అని బతికున్నంతకాలం అనుకుంటూ ఉంటుంది, గాస్కెట్ కొత్తదే ఉంటుంది, ఇంజను నున్నగా నడుస్తూ ఉంటుంది, అది మాత్రం అనుకుంటూనే ఉంటుంది. దానికి తోడు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి స్టీరింగు మీద తల పెట్టుకుని బావా, బావా అని ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, ఆకులైనా పట్టుకోరా అనుకుని తాళంచెవి వెనక్కి తిప్పి, బయటికి లాగి, గుప్పెట్లో పెట్టుకున్నాడు. దిగి షట్టరు పైదాకా ఎత్తాడు. తెల్లారుతోంది. వాన్ రెండు తలుపులూ బార్లా తెరిచి పెట్టి, ముఖం కడుక్కుని, డ్రమ్ము మీద కూర్చున్నాడు. గుప్పెట్లో తాళంచెవి మెల్లగా ఒంటి వేడికి వచ్చింది. ఇంజను మాత్రం చల్లగానే ఉంది.

ఏడింటికి చెల్లెలు వచ్చింది. నడిచొచ్చింది. బావ స్వెట్టరు వేసుకుంది, చేతులు రెండు మడతలు పెట్టి.

"అయిందా అన్నయ్యా?" అంది.

"ఇంకా స్టార్ట్ చేయలేదు. నువ్వే చెయ్యి."

"నేనా? నువ్వు చూసేశావనుకున్నానే."

"నువ్వే చెయ్యమ్మా. చేసి విను."

అతని ముఖం చూసి ఎక్కి కూర్చుంది. కాళ్ళు అందలేదు. సీటు కింద మీట పట్టుకుని ముందుకు జరపబోయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత జరిపింది. తాళంచెవి అందించాడు. వెచ్చగా ఉందేంటి అంది. సెల్ఫ్ మూడుసార్లు మూలిగింది, నాలుగోసారి ఇంజను అందుకుంది. అందుకుంటూనే చుప్ చుప్ చుప్ చుప్ అంది. ఒక తడబాటు లేదు, ఒక సందేహం లేదు, అతను రాత్రంతా మొక్కిన మొక్కులన్నిటి మీదుగా అది స్పష్టంగా, తడిగా, ఊపిరితో సహా వచ్చింది. బావ నోట్లోంచి వచ్చినట్టే వచ్చింది. చెల్లెలు తల తిప్పింది.

"ఇదేంటి?"

"ఇదే. బావ చెప్పిన శబ్దం." బానెట్ వైపు వేలు చూపించాడు. "ఇక్కడినుంచి పొగ లోపలికొస్తుంది చిట్టీ. హీటరులోంచి వస్తుంది. తలనొప్పి దానివల్లే. ఆయనకి గుండె జబ్బు లేదు. నువ్వన్న మాటకి ఏమీ అవలేదు. ఇదే చంపింది. చనిపోయే ఎనిమిది రోజుల ముందు నా దగ్గరికి తెచ్చాడు, నోటితో చేసి కూడా చూపించాడు. రాత్రికి ఉంచుతానన్నాడు. నేనే వద్దన్నాను. ఏమీ లేదు, తీసుకుపో అన్నాను. ఆసుపత్రిలో ముఖం చూడగానే నాకు తెలిసింది. తెలిసే చెప్పలేదు."

ఆమె స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. అతని వైపు చూడలేదు. వింటోంది, అతన్ని కాదు, ఇంజన్ని. అది చుప్ చుప్ అంటూ, కాస్త పలచబడి, మధ్యలో ఒకటి తప్పి, రెండు తప్పి, సన్నగిల్లింది. పట్టుమని నిమిషంన్నర కూడా లేదు. తర్వాత ఇంజను నున్నగా నడవసాగింది.

"ఆగిపోయింది" అంది.

"ఆగలేదు. వేడికి మూసుకుంటుంది. రేపు పొద్దున్న మళ్ళీ వస్తుంది."

వీధిలో ఎవరో షాపు తలుపులు తీస్తున్నారు. తిడుతుంది అనుకున్నాడు, తిడితే బాగుండు అనుకున్నాడు, కొట్టినా బాగుండు. ఆమె ఎడమ చేత్తో స్వెట్టరు మడత సర్దుకుని, ఎదురుగా అద్దంలోకి చూస్తూ మాట్లాడింది. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నట్టే ఉంది.

"అంతకుముందు ఆయన కిటికీ బెత్తెడు దించుకునే వెళ్ళేవాడు. ఎంత చలైనా. ఏదో తేడాగా ఉంది, గాలి ఆడాలి అనేవాడు. వణుక్కుంటూ ఇంటికొచ్చేవాడు, నేను తిట్టేదాన్ని. నీ దగ్గర్నుంచి వచ్చిన రోజు మాత్రం చాలా సంతోషంగా వచ్చాడు. బావ చెవి పెట్టి విన్నాడు, ఏమీ లేదట, ఇంక దిగుల్లేదు అన్నాడు. మర్నాటి నుంచి కిటికీ పూర్తిగా మూసుకుని వెళ్ళాడు."